కట్టుబాటు లేని ప్రణాళిక

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక యను పేరున 2015 నుండి దేశమందలి పంచాయతీలు ఏటేట నొక పత్రమును సిద్ధపఱచుచున్నవి. 1993 ఏప్రిలు 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము తన 243జి అధికరణముచేతను, పదునొకండవ షెడ్యూలునందలి 29 విషయములచేతను, తన ప్రణాళికను తానే రచించుకొను బాధ్యతను పల్లెకు అప్పగింపవచ్చునని రాష్ట్రములకు దారి చూపగా, ఆ మాట కాగితముమీదనుండి గ్రామసభ ముంగిటికి దిగివచ్చుటకు ఇరువది యేండ్లకు పైగా పట్టినది. దిగివచ్చినందుకు సంతోషింపవలసినదే గాని, ఆ పత్రములలో దేనిని తెఱచి చూచినను కానవచ్చునది దాదాపుగా ఒకటే జాబితా: ఫలానావారి యింటినుండి ఫలానావారి యింటివఱకు సిమెంటు రోడ్డు, దాని ప్రక్కన మురుగుకాలువ, నీళ్లట్యాంకుకు మరమ్మతు, వీధిదీపములు, శ్మశానవాటికకు ప్రహరీగోడ. ఇవి అనవసరములని నేననను; వానకాలమున మోకాలిలోతు బురదలో బిడ్డను బడిలో దిగబెట్టి వచ్చు తల్లికి ఆ రోడ్డే మొదటి అక్కఱ. అయినను ఇదంతయు ఊరికి ఇతరులు చేసిపెట్టవలసిన పనుల పట్టికయే. ఇరువది ముప్పది యేండ్లకు తన రూపురేఖలెట్లుండవలెనో తలపోయు పల్లె, అందుకొఱకు తానేమి మానుకొనునో, తనవారిలో ఎవరి చేతిని ఎక్కడ పట్టుకొని ఆపునో కూడ చెప్పవలసియుండును. ఆ పుట మన పత్రములలో కానరాదు.

ఆ పుటను ముందుగా వ్రాసికొన్న ఊళ్లలో మహారాష్ట్రలోని హివరే బాజార్ ఒకటి. ఇప్పుడు అహిల్యానగర్ అని పేరు మార్చుకొన్న అహ్మద్‌నగర్ జిల్లాలో, సహ్యాద్రి కొండల చాటున, ఏడాదికి 400 మిల్లీమీటర్ల వాన కురియుటయే భాగ్యమనుకొను తావున ఆ ఊరున్నది. 1972 నాటి కఱవు తరువాత కొండలపై చెట్లు కట్టెలైపోయి, బావులు అడుగంటి, మిగిలినవారు సారా కాచుకొనుచు, కాళ్లలో సత్తువ గలవారు పుణె, ముంబయి దారి పట్టగా, సర్కారు ఉద్యోగులకు ఆ ఊరికి బదిలీ యన్నది శిక్షతో సమానమని చెప్పుకొనెడివారు. 1989లో ఎం.కాం. చదివిన పోపట్‌రావ్ పవార్ అను యువకుని ఊరివారు ఏకగ్రీవముగా సర్పంచిగా ఎన్నుకొనిరి. తొలినాళ్లలో ఆయన చేపట్టినవి బడికిని నీటికిని సంబంధించిన పనులు. తరువాత 1994లో రాష్ట్రప్రభుత్వపు ఆదర్శగ్రామ పథకమునందు చోటు దొరకుటయు, ఉపాధి హామీ నిధులతో కొండవాలుల వెంబడి కందకములు త్రవ్వి, చెట్లు నాటి, వాననీటిని నిలువరించుటయు జరిగినవి.

ఇంతవఱకు చెప్పినదానిలో విశేషమేమియు లేదు. అవే నిధులతో అట్టి కందకములు వేలాది గ్రామములలో త్రవ్వబడినవి. వానిలో అనేకము రెండు మూడు వానలకే పూడిపోయినవి. హివరే బాజార్ చేసిన వేఱు పని యేమనగా, ధనము వచ్చుటకు ముందే అయిదు కట్టుబాట్లకు ఒప్పుకొన్నది. చెట్టుమీద గొడ్డలి పెట్టరాదు, పశువులను కొండపైకి తోలి మేపరాదు, మద్యము ఉండరాదు, కుటుంబనియంత్రణ పాటింపవలెను, ఇంటికొకరు శ్రమదానమునకు రావలెను. అటుపై నీరు పైకి వచ్చిన తరువాత, అనగా మనుష్యునికి దురాశ పుట్టు సమయమునకు సరిగా, మఱికొన్ని నియమములు వచ్చి చేరినవి: సేద్యమునకు బోరు వేయరాదు, చెఱకును అరటిని పెట్టరాదు, భూమిని పైవారికి అమ్మరాదు. నీరు లేనపుడు నియమము పెట్టుకొనుట కష్టము కాదు. నీరు కంటికెదుట కనబడుచుండగా, చెఱకునకు గిరాకి గల జిల్లాలో, చెఱకు వద్దనుకొనుటయే కష్టము.

ఆ నియమములకు ఆధారము ఏటేట వేయు నీటిలెక్క. ఊరిలో వర్షమాపకము లున్నవి. ఎంపిక చేసిన బావులలో నీటిమట్టమును కొలుచుచుందురు. వానలు తగ్గిన పిమ్మట ఈ యేడు ఎంత కురిసినది, నేలలోనికి ఎంత ఇంకినది, చేతికెంత మిగిలినదని లెక్కగట్టి గ్రామసభలో చదివి, అందఱకు కనబడునట్లు పలకపై వ్రాసిపెట్టుదురు. ముందుగా మనుష్యులకును పశువులకును త్రాగునీరు ప్రక్కన పెట్టి, మిగిలినదానిలో నూటికి 70 పాళ్లు సేద్యమునకు, 30 పాళ్లు భూగర్భమునందే రేపటి కొఱకు అని పంచి, ఆ 70 పాళ్లతో రబీలో ఏ పైరు ఎంత విస్తీర్ణమున పెట్టవచ్చునో సభ నిర్ణయించును. లెక్క తక్కువగా తేలిన యేట గోధుమ తగ్గును, జొన్నయు శనగయు పెరుగును. మన యిండ్లలో సంక్రాంతికి వడ్లు వచ్చినపుడు విత్తనములకింత, తిండికింత, అమ్మకమునకింత అని గాదెలో పోసికొను పద్ధతికి ఇది భిన్నము కాదు. ఫలితమునకు రెండు గుర్తులు చాలును. 1990ల నడుమ రోజునకు సుమారు 150 లీటర్లుగా నుండిన ఊరి పాలదిగుబడి తరువాతి కాలమున 4000 లీటర్లకు చేరినది. 2012-13 కఱవులో చుట్టుప్రక్కల త్రాగునీటికై ట్యాంకర్లు తిరుగుచుండగా ఈ ఊరికి వాని అక్కఱ లేకపోయినది.

ఇట్టి కథలను చెప్పునపుడు చేతులు జోడించి నిలుచుండుట మన అలవాటు. అది మంచిది కాదు. పశువులను తోలి మేపరాదను కట్టుబాటు అందఱిపై సమానముగా పడదు: పొలము గలవాడు గట్టుమీది గడ్డితో ఆవును పోషించుకొనగలడు, నాలుగు మేకలే ఆస్తియైన కూలివానికి కొండయే పొలము. గడ్డి కోసికొని పోవచ్చునన్న వెసులుబాటు ఉన్నను, కోయుటకు ఒక మనిషి కావలెను, ఆ మనిషి కూలి పోవును. కుటుంబనియంత్రణను ఊరి కట్టుబాటుగా పెట్టుటలో ఆడుదాని యిష్టమునకు ఎంత చోటు దొరకినదని అడుగవలసియున్నది. దాదాపు ముప్పది యేండ్లు పోటీయే లేక నడచిన పంచాయతీకి 2021లో ఎన్నిక జరిగి, పవార్ పక్షమే గెలిచినదనుట నాకు ఊరట కలిగించు వార్త. గెలిచినందుకు కాదు, ప్రశ్న వేయువారు పుట్టినందుకు. రాజ్యాంగసభలో 1948 నవంబరు 4న అంబేడ్కరు గ్రామమును గుఱించి పలికిన కఠినవాక్యములను మఱచి గ్రామదార్శనికతను మాటలాడువాడు, ఊరి పేరిట ఎవరు మాటలాడుచున్నారన్న సంగతిని దాటవేయుచున్నాడనవలెను. ‘ఊరంతా అనుకొన్నాం’ అనునపుడు ఆ ఊరిలో వాడ చేరినదో లేదో చూడవలెను.

తెలుగునాట ఈ నీటిలెక్క కొత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందు 2003 నుండి అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో ఆరువందలకు పైగా గ్రామములలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయమున, రైతులే నిర్వహించు భూగర్భజల పథకమొకటి నడచినది. ఆడవారును మగవారును బావిలోనికి టేపు వదలి నీటిమట్టమును కొలిచి పుస్తకములో వ్రాసిరి. వానలెక్కను, నీటిలెక్కను గోడలకెక్కించిరి. రబీకి ముందు కూడి పంటల నీటి బడ్జెట్టు వేసికొనిరి. అక్షరములు కూడబలుకుకొని చదువువారు సైతము భూగర్భజలశాస్త్రమును చేతబట్టిన ఆ దృశ్యమునకు దేశదేశములు ముచ్చటపడినవి. హివరే బాజారునకును దీనికిని ఉన్న భేదము ఒక్కటే: ఇచ్చట లెక్క చెప్పుటతో సభ ముగిసెడిది, ఏ పైరు పెట్టవలెనన్నది ఎవరి పొలములో వారి యిష్టము. బలవంతము లేకుండ తెలివిడి మీద నడచుట దాని గొప్పతనమే. పలువురు వరి తగ్గించి ఆరుతడి పైరులకు మఱలిరి. కాని ప్రక్కవాడు బోరు వేసినపుడు తాను ఆగినవాడు నష్టపోవుననునది రైతుకు ఎవరును నేర్పనక్కఱలేని శాస్త్రము. నిధులు నిలిచిన పిమ్మట కొలతలు కూడ పలుచోట్ల నిలిచిపోయినవి.

కట్టుబాటు మన గడ్డపై మొలవదనుకొనుట మాత్రము పొరపాటు. వరంగల్లు జిల్లా గీసుగొండ మండలమునందలి గంగదేవిపల్లి, మచ్చాపూరు శివారుపల్లెగా నుండి 1990లలో వేఱుపంచాయతీయై, తొలి పదేండ్లును మహిళలే పాలకవర్గముగా నడచిన ఊరు. సారాయిని 1980లలోనే వెలివేసినది. నీటిట్యాంకు కట్టునపుడు ఊరివారు తమ వాటా తాము చెల్లించిరి. త్రాగునీటికొకటి, పారిశుధ్యమునకొకటి, మద్యనియంత్రణకొకటిగా సంఘములు పెట్టుకొని, ప్రతి యింటికి ఏదో యొక సంఘమునందు పని పంచిరి. ఆ సంఘముల సంఖ్యను పొగడినవారు పెక్కుమంది. నాకు మాత్రము, నీటిపన్ను కట్టనివాని వాకిటికి అధికారి కాక సాటి గృహిణి వచ్చి నిలుచునన్నదే అందలి కీలకముగా తోచును.

ఇక ప్రభుత్వములు చేయవలసినది. 2047 నాటికి మీ ఊరెట్లుండవలెనో చెప్పుడని పల్లెలను అడుగుచున్న కాలమిది. చెప్పిన పల్లెకు చెల్లుబాటగు అధికారమెంత? 2021-26 నడుమ పదునైదవ ఆర్థికసంఘపు నిధులలో నూటికి 60 పాళ్లు త్రాగునీటికిని పారిశుధ్యమునకును ముందే ముడివేయబడియుండెను. మిగిలినదానితో కరెంటు బకాయి తీర్చుటకే పంచాయతీ ఆపసోపములు పడినది. నీరు, నేల, చెట్టు రక్షణకని 2002లో చేసిన వాల్టా చట్టము ఉన్నది. అయినను బోరు వేయనిచ్చుటయు మానిపించుటయు గ్రామసభ చేతిలో లేవు. 2004 నుండి ఉచితవిద్యుత్తు సాగుచున్నది. చిన్నరైతు ఊపిరి నిలిపిన పథకమది, దానిని తీసివేయుమనుట నా ఉద్దేశము కాదు. అయితే మోటారు ఎన్ని గంటలు తిరుగవలెనో రాజధానియందు నిర్ణయమగుచుండగా, నీరెంత తోడవలెనో ఊరు నిర్ణయించుకొనుట యెట్లు? మోటార్ల కరెంటువేళలను ఆ యేటి నీటిలెక్కనుబట్టి గ్రామసభయే పెట్టుకొనునట్లు ఒక్క మండలమున నైనను అవకాశమిచ్చి చూడవచ్చును. ఏ ఊరు ఒప్పుకొనునో, ఒప్పుకొన్న ఊరిలో నాలుగు బోర్లు గల ఆసామి సభలో లేచి ఏమనునో, అతనికి ఒక్క బోరును లేని కౌలురైతు ఏమి బదులు చెప్పునో అప్పుడు తెలియును.