రిఫరెన్సుల లిస్టు డీటీపీ సెంటర్లో పుట్టకూడదు

దర్శి, పొదిలి, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల పరిశోధక విద్యార్థులకు, గైడ్లకు, కాలేజీ అధ్యాపకులకు

మొన్న మన ప్రాంతపు అమ్మాయి థీసిస్ వెనక్కి వచ్చింది. ఫ్లోరైడు మీద చేసిన పని. ఊరూరా తిరిగి బోరింగు నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చింది. ల్యాబు వాళ్ళను బతిమాలి పరీక్షలు చేయించుకుంది. బడి పిల్లల నోళ్ళు తెరిపించి గారపట్టిన పళ్ళు లెక్క రాసుకుంది. ఆ పనిలో తప్పుందని ఎవరూ అనలేదు. లోపల బ్రాకెట్లలో ఉన్న పేర్లు వెనక లిస్టులో లేవట, లిస్టులో ఉన్నవి లోపల లేవట, సంవత్సరాలు కలవలేదట. సరిచేసి మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ ప్రింటు, మళ్ళీ బైండింగు, మళ్ళీ సంతకాల కోసం పడిగాపులు.

ఇది మీకు కొత్త సంగతి కాదు. రిఫరెన్సులు ఎందుకు రాయాలో పాఠం చెప్పడానికి ఈ కరపత్రం వేయలేదు. ఆ లిస్టు ఎక్కడ, ఎలా తయారవుతోందో ఒక్కసారి ముఖాముఖి మాట్లాడుకుందాం.

సబ్మిషన్ గడువు నెత్తిమీదికి వస్తుంది. అప్పుడు గైడుగారికి గుర్తొస్తుంది, "నంబర్లు వద్దమ్మా, పేరూ సంవత్సరం పద్ధతిలో పెట్టు" అని. డీటీపీ సెంటర్లో రాత్రి షట్టరు సగం దించి కూర్చుంటారు. లోపలున్న ఒక్కో నంబరునూ చేత్తో పేరూ సంవత్సరంగా మార్చాలి. విసుగెత్తిన కుర్రాడు కంప్యూటర్లో పాత థీసిస్ ఒకటి తెరుస్తాడు. "సేమ్ సబ్జెక్టే కదక్కా, ఇందులోంచి వేసేద్దాం" అంటాడు. వేసేస్తారు. తెలుగు పుస్తకాలైతే అను ఫాంట్లలో కొడతాడు. పెన్‌డ్రైవులో ఇంటికి తెచ్చుకుని తెరిస్తే తెలుగు ఉండదు, అర్థంకాని ఇంగ్లీషు గుర్తుల వరస ఉంటుంది. ఆ కుర్రాడిని నేను తప్పుపట్టను. అతనికి పేజీకింతని డబ్బులు. పరిశోధన చేసింది అతను కాదు.

ఆ పాత థీసిస్ లిస్టు ఎక్కడిది? అంతకుముందు దానిది. దానిది? ఇంకో దానిది. అసలు పేపరు కళ్ళతో చూసినవాళ్ళు ఎవరో ఎవరికీ తెలియదు.

మన నీళ్ళ సంగతే తీసుకోండి. 1937లో హెచ్.ఇ. షార్ట్ మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు. ఆ ఏడాది ఆయన పేరుతో రెండు పేపర్లు వచ్చాయి. ఒకటి సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారితో కలిసి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాసింది. దాని శీర్షికలోనే నెల్లూరు జిల్లా ఉంది. రెండోది మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్‌లతో కలిసి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ 25వ సంపుటంలో, 553వ పేజీ నుంచి. దాని శీర్షికలో మద్రాసు ప్రెసిడెన్సీ ఉంది. ఈ దేశంలో ఫ్లోరోసిస్ చరిత్ర ఎవరు రాసినా అక్కడ మొదలుపెట్టాల్సిందే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లా తాలూకాలు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకొచ్చాయి, 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పేరు పెట్టారు. అంటే అవి మన ఇంటి పేపర్లు.

మన థీసిస్‌లలో వాటి గతి చూడండి. షార్ట్ ఇంటిపేరు ఇంగ్లీషులో చివర రెండు టీలతో ముగుస్తుంది, ఒకటి ఎగిరిపోతుంది. బార్నార్డ్ కాస్తా బెర్నార్డ్ అవుతాడు. మద్రాసు పెద్దాసుపత్రిలో రేడియాలజీ సంస్థ ఈనాటికీ బార్నార్డ్ పేరుతోనే ఉంది, అయినా మన లిస్టుల్లో ఆయన బెర్నార్డే. రెండు పేపర్లను ఒకటిగా కలిపి, ఒకదాని శీర్షిక కింద ఇంకోదాని పేజీలు వేసినవీ చూశాను. "నెల్లూరు అని ఉందండీ, మన జిల్లా కాదు కదా" అని వదిలేసిన మహానుభావుడు కూడా ఉన్నాడు! తన తాత నడుం ఎందుకు వంగిందో చెప్పే మొదటి కాగితాన్ని పరాయి జిల్లాదని పక్కనపెట్టాడు.

మన ప్రాంతానికి నీళ్ళు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆనాటి నుంచి ఎన్ని అర్జీలు రాశాం! ప్రతి అర్జీలోనూ ఫ్లోరైడు మాట ఉంటుంది. "ఆధారం ఏది" అని అవతలివాడు అడిగితే తీసి చూపించగలిగిన రిఫరెన్సు ఎన్నింటిలో ఉంది?

ఇక మర్యాదగా మాట్లాడే ఓపిక లేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే దిద్దుకుని మళ్ళీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాదిపాటు దిద్దిన థీసిస్ కూడా తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. ఆధారం చూపించి ఉటంకించిన భాగానికీ, రిఫరెన్సుల లిస్టుకూ ఆ లెక్కలోంచి మినహాయింపు ఉంది. అంటే ఒక్క రిఫరెన్సు జారిపోతే నిజాయితీగా ఎత్తిరాసుకున్న వాక్యం కూడా దొంగతనం కింద జమ. శిక్ష ఎవరికి? విద్యార్థికి. పని మొదలైన ఏడాదిలో "నీ రిఫరెన్సులు ఎక్కడ దాస్తున్నావమ్మా" అని ఒక్కసారైనా అడగని గైడుకు ఏమీ లేదు. ఆయన ప్లేజరిజం శాతం ఒక్కటి చూస్తాడు, సంతకం పెడతాడు, శాలువా కప్పించుకుంటాడు.

ఆధారాలు పద్ధతిగా రాసిపెట్టడం మనకు చేతకాని విద్య కాదు. 1905లోనే బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేశారు. తాలూకాల వారీగా, ప్రతి రాతికీ ఊరూ నంబరూ ఇచ్చారు. కంప్యూటరు కాదుగదా, కరెంటు బల్బు కూడా లేని దర్శి తాలూకా రాళ్ళకు నంబర్లున్నాయి. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని తిరిగే మన పేపర్లకు లేవు.

మందు ఉంది, ఉచితం. అది జోటెరో అనే సాఫ్ట్‌వేరు. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీ చరిత్రకారుల కేంద్రం నుంచి వచ్చింది. పేపరు తెరిచినప్పుడు బ్రౌజర్లో ఒక బటన్ నొక్కితే రచయితలు, సంవత్సరం, సంపుటం, పేజీలు మొత్తం మీ ఖాతాలో పడతాయి. పుస్తకానికైతే ఐఎస్‌బీఎన్ కొడితే చాలు. వర్డ్‌లో రాస్తూ కావలసినచోట రిఫరెన్సు పెడుతూ పోతే వెనక లిస్టు దానంతటదే తయారవుతుంది. గైడుగారికి చివరి నిమిషంలో బుద్ధి మారి పద్ధతి మార్చమంటే, స్టైల్ ఒక్కటి మారిస్తే లోపలివీ వెనకవీ అన్నీ కలిసి మారతాయి. ఉపసంహరించుకున్న పేపరైతే ఎర్రగా హెచ్చరిస్తుంది కూడా. ఇలాంటివే ఇంకో రెండున్నాయి. ఎండ్‌నోట్ కొనాలంటే వేలు పోయాలి. మెండెలీని 2013లో ఎల్సెవియర్ కంపెనీ కొనేసింది, 2022లో పాత డెస్క్‌టాప్ డౌన్‌లోడ్ ఆపేసింది. మన శ్రమను ఒక కంపెనీ గుప్పిట్లో ఎందుకు పెట్టాలి?

నెట్ ఉండదంటారు. దాచినవన్నీ మీ కంప్యూటర్లోనే ఉంటాయి, నెట్ లేకపోయినా రాసుకోవచ్చు. ఇంగ్లీషు రాదంటారు. పీహెచ్‌డీ చేస్తూ ఆ మాట అనకండి. తప్పు వివరాలు లాగుతుందంటారు. లాగుతుంది, ఒక్కచోట దిద్దితే అంతటా దిద్దినట్టే. "మేం కార్డుల మీద రాసుకున్నాం" అనే పెద్దలకు దండం. మీరు కార్డులైనా రాశారు.

తెలుగు వాళ్ళకు మాత్రం రెండు కష్టాలు నిజమే. పాత తెలుగు పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ ఉండదు, చేత్తో కొట్టుకోవాలి. కొట్టేటప్పుడు యూనికోడ్‌లోనే కొట్టండి, అను ఫాంటు ముట్టుకోవద్దు. రెండోది, జోటెరోలో రచయిత పేరుకు రెండు గళ్ళుంటాయి. మనం ముందు రాసే ఇంటిపేరును అది "లాస్ట్ నేమ్" అని అడుగుతుంది, ఆ గడిలోనే వేయండి. లేకపోతే మీ లిస్టులో వెంకటేశ్వర్లులందరూ ఒక గుంపుగా చేరతారు.

కాబట్టి అడుగుతున్నాం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. దర్శి, మార్కాపురం, గిద్దలూరు గ్రంథాలయాల్లో ఒక్కో కంప్యూటరులో జోటెరో పెట్టి, వారానికి ఒక పూట నేర్పించండి. ఒంగోలు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ కోర్సువర్కులో దీన్ని చేతితో చేయించి మార్కులు వేయాలి. థీసిస్‌తోపాటు జోటెరో ఫైలు కూడా అడగాలి. గైడ్లు సినాప్సిస్ రోజునే విద్యార్థి ఖాతా తెరిపించి చూడాలి. పశ్చిమ ప్రకాశం నీళ్ళ మీద వచ్చిన ప్రతి పేపరునూ చేర్చే ఉమ్మడి గ్రూపు లైబ్రరీ ఒకటి తెరుద్దాం, గ్రూపుకు కూడా పైసా అక్కర్లేదు. ఎవరు ఎంట్రీ వేసినా అసలు పేపరు చూసి వేయాలి. చూడనివాళ్ళు "చూడలేదు" అని నోట్‌లో రాయాలి.

ఈ ఏడాది సబ్మిషన్ ఉన్నవాళ్ళు ఇవాళే ఎక్కించుకోండి. డీటీపీ సెంటరుకు బైండింగు కోసం వెళ్ళండి చాలు.

— దర్శి ప్రాంత పరిశోధక విద్యార్థుల తరఫున