ముందు యూపీఎస్, తరువాతే ఎస్ఎస్‌డీ

ఇంట్లో చిన్న స్టోరేజీ సర్వర్, అంటే నాస్ పెట్టె, పెట్టుకుందామనుకునే వాళ్లకు రాయపూర్‌లో ఇప్పుడు ఎవరిని అడిగినా వినిపించే సలహా ఒక్కటే. హార్డ్ డిస్కుల కాలం చెల్లిపోయింది, నాస్ పెట్టెలో ఎన్ని అరలుంటే అన్నింట్లోనూ ఎస్ఎస్‌డీలే వేయండి అంటారు. జయస్తంభ్ చౌక్ దగ్గర దుకాణంలో చెప్పేదీ అదే, వీడియోల్లో చెప్పేదీ అదే, హైదరాబాదులో ఐటీ ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు ఫోన్‌లో చెప్పేదీ అదే. కారణాలు మూడు చూపిస్తారు: వేగం ఎక్కువ, లోపల తిరిగే భాగాలు లేవు కనుక పాడవదు, ఇక్కడి ఎండకూ దుమ్ముకూ తట్టుకుంటుంది. మూడింట్లోనూ కొంత నిజముంది. ఆ కొంత నిజాన్ని పట్టుకుని ఉన్న డబ్బంతా ఎస్ఎస్‌డీల మీదే పోయడం మాత్రం తప్పు. ఇల్లు రాయపూర్‌లో ఉంటే మరీ తప్పు.

ఇది సరదా వస్తువు గురించిన తగవు అయితే రాయవలసిన పని లేదు. కానీ ఇక్కడి తెలుగు ఇళ్లకు ఇది అంతకన్నా పెద్ద సంగతి. 1931లో విజయనగరం–రాయపూర్ రైలు మార్గం పూర్తయింది. ఆ దారినే శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు పనులు వెతుక్కుంటూ ఇటు వచ్చాయి. రాయపూర్ రైల్వే కాలనీల్లోనూ పక్కనున్న భిలాయిలోనూ తరాలుగా స్థిరపడిన తెలుగు ఇళ్లున్నాయి. తాతల నలుపు తెలుపు ఫొటోలు, సర్వీసు పుస్తకాలు, ఊళ్లో భూమి దస్తావేజులు, పెళ్లి క్యాసెట్లు ఇప్పుడు స్కాన్ అయి ఇలాంటి పెట్టెల్లోకి చేరుతున్నాయి. కాగితాలకు చెదలు పట్టాయి, క్యాసెట్లకు బూజు పట్టింది. పెట్టెలో ఉన్నదే ఇక అసలు. అది పోతే మళ్లీ ఎక్కణ్ణుంచీ తేలేం.

ముందు వేగం సంగతి చూద్దాం. సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు దాదాపు 550 మెగాబైట్లు చదువుతుంది. కానీ ఆ డేటా మీ ల్యాప్‌టాప్‌కో టీవీకో చేరవలసింది నెట్‌వర్క్ మీదుగా. ఇళ్లలో ఉండే గిగాబిట్ పోర్టు మోయగలిగింది సెకనుకు 110 మెగాబైట్ల పైచిలుకే. ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చిన పాత రౌటర్‌లో 100 మెగాబిట్ పోర్టులుంటే పన్నెండు మెగాబైట్లతో సరిపెట్టుకోవాలి. నాస్ కోసం చేసిన పెద్ద హార్డ్ డిస్క్ ఒక్కటే సెకనుకు 180 మెగాబైట్లకు పైగా ఇస్తుంది. అంటే సినిమా చూడాలన్నా, పెళ్లి వీడియో కాపీ చేయాలన్నా హార్డ్ డిస్కే ఆ తీగను నింపేస్తుంది. మిగతా 440 మెగాబైట్ల వేగానికి మీరు కట్టిన డబ్బు పెట్టె దాటి బయటికి రాదు.

పైగా చవకగా దొరికే ఎస్ఎస్‌డీలన్నీ ఆ వేగాన్ని చివరిదాకా నిలబెట్టుకోవు. శామ్‌సంగ్ 870 క్యూవీఓ ఒక టెరాబైట్ మోడల్ సంగతి కంపెనీ తానే వివరాల పత్రంలో రాసింది. వేగంగా రాసుకునే తాత్కాలిక జాగా గరిష్ఠంగా 42 గిగాబైట్లు. అది నిండాక రాసే వేగం సెకనుకు 80 మెగాబైట్లకు పడిపోతుంది. ఒక్కో కణంలో నాలుగు బిట్లు కుక్కే క్యూఎల్‌సీ చిప్ స్వభావమే అంత, పదహారు వోల్టేజి మెట్లను వేరు చేసి రాయాలి కనుక నెమ్మదిస్తుంది. రెండు వందల గిగాబైట్ల పెళ్లి వీడియోలు ఒక్కసారిగా ఎక్కించే ఇంట్లో ఈ ఎస్ఎస్‌డీ హార్డ్ డిస్క్ కన్నా వెనకబడుతుంది.

ఇక తిరిగే భాగాలు లేవు కనుక పాడవదన్న మాట. గూగుల్ డేటా సెంటర్లలో ఆరేళ్లపాటు నడిచిన ఫ్లాష్ డ్రైవుల లెక్కలను టొరంటో విశ్వవిద్యాలయం, గూగుల్ పరిశోధకులు 2016లో ప్రచురించారు. హార్డ్ డిస్కులతో పోలిస్తే ఎస్ఎస్‌డీలను పూర్తిగా మార్చవలసి రావడం తక్కువే. కానీ సరిదిద్దలేని చదువు దోషాలు వాటిలోనే ఎక్కువ. అంటే డ్రైవ్ బతికే ఉంటుంది, లోపల ఒక ఫైల్ మాత్రం చదవడానికి రాదు. ఎంత రాశామన్న దానికన్నా డ్రైవ్ వయసే దోషాలతో ఎక్కువ ముడిపడి ఉందనీ ఆ లెక్కలే చెప్పాయి. కదిలే చక్రం లేనంత మాత్రాన ముసలితనం రాకుండా పోదు.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ఎస్ఎస్‌డీ లోపల నడిచేది ఒక చిన్న కంప్యూటరు. దాని ప్రోగ్రామ్‌లో, అంటే ఫర్మ్‌వేర్‌లో, తప్పుంటే ఒకే మోడల్ డ్రైవులన్నీ ఒకే తప్పు చేస్తాయి. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ తన సర్వర్ ఎస్ఎస్‌డీల గురించి ఒక హెచ్చరిక ఇచ్చింది. కొన్ని మోడళ్లు సరిగ్గా 32,768 గంటలు, అంటే మూడేళ్ల 270 రోజుల 8 గంటలు నడిచాక ఆగిపోతాయి, అందులోని డేటా తిరిగి రాదు, వెంటనే ఫర్మ్‌వేర్ మార్చుకోండి అని. 2020 మార్చిలో వేరే మోడళ్ల విషయంలో 40,000 గంటల హెచ్చరిక వచ్చింది. ఒకే రోజు కొని, ఒకే రోజు బిగించి, రెయిడ్ కట్టిన నాలుగు డ్రైవులు ఉన్నాయనుకోండి. ఒకటి పోయినా మిగతావి కాపాడతాయన్నది రెయిడ్ మీద మన నమ్మకం. అన్నీ ఒకే గంటకు ఆగిపోతే ఆ నమ్మకానికి అర్థమే లేదు. దుకాణంలో ఒకే పెట్టెలోంచి నాలుగు డ్రైవులు తీసి ఇస్తుంటే మనం దాన్ని చక్కటి సెట్టు అనుకుంటాం. రెండు వేరు కంపెనీలవి అడగండి, కనీసం రెండు వేరు మోడళ్లు అడగండి.

రాయపూర్‌కు అన్నిటికన్నా దగ్గరి విషయం కరెంటు. ఛత్తీస్‌గఢ్ బొగ్గు మీద బోలెడు విద్యుత్తు పుట్టిస్తుంది. అయినా మే, జూన్ నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే తీగల మీద కొమ్మలు విరిగి పడతాయి, వీధి మొత్తం చీకటవుతుంది, కరెంటు వచ్చినట్టే వచ్చి మళ్లీ పోతుంది. రాత పని మధ్యలో ఉండగా కరెంటు పోవడం ఎస్ఎస్‌డీకి చాలా చెడ్డది. ఏ డేటా ఏ కణంలో ఉందో చెప్పే చిట్టా కూడా అప్పుడే మారుతూ ఉంటుంది, అది చెడితే పాత డేటా కూడా దొరకదు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం, హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకులు 2013లో అయిదు కంపెనీల 15 ఎస్ఎస్‌డీలకు పదే పదే కరెంటు తీసి చూశారు. వాటిలో 13 ఏదో ఒక రకంగా తప్పాయి. కొన్నింట్లో బిట్లు చెడ్డాయి, కొన్నింట్లో రాత సగంలో తెగింది, డ్రైవ్ పూర్తిగా చచ్చిపోవడం కూడా జరిగింది. తరువాతి తరం డ్రైవులు మెరుగుపడ్డాయి. కానీ దీనికి గట్టి మందు అప్పుడూ ఇప్పుడూ ఒకటే: కరెంటు పోయిన క్షణంలో చేతిలో ఉన్న రాతను ముగించేంత విద్యుత్తును దాచే కెపాసిటర్లు. సర్వర్లకు చేసిన ఎస్ఎస్‌డీ మూత విప్పితే బోర్డు అంచున అవి వరుసగా కనిపిస్తాయి, చాలా వాటిలో పసుపు రంగు దిమ్మల్లా. మామూలు ఇంటి ఎస్ఎస్‌డీ మూత విప్పితే నాలుగైదు చిప్పులు, మిగతా సగం ఖాళీ పెట్టె. ఆ వరుస ఉందా లేదా అన్నది దుకాణంలో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

మా ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా అంటారు. ఇన్వర్టర్ వెనక్కి వంగి చూడండి. చాలా వాటికి అక్కడ ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఒక వైపు యూపీఎస్ అనీ ఇంకో వైపు నార్మల్ లేదా ఎకో అనీ రాసి ఉంటుంది. మన ఇళ్లలో అది తరచు రెండో వైపే ఉంటుంది. అలా ఉంటే వోల్టేజి బాగా పడిపోయినా ఇన్వర్టర్ పట్టించుకోదు, బ్యాటరీ మీదికి మారడానికీ ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఫ్యానుకు ఆ తేడా తెలియదు. నాస్ పెట్టె మాత్రం ఆ రెప్పపాటులోనే ఆగి మళ్లీ మొదలవుతుంది. స్విచ్ సరిగా పెట్టినా బ్యాటరీ అయిపోతోందని పెట్టెకు చెప్పే ఏర్పాటు మామూలు ఇన్వర్టర్‌కు ఉండదు. యూఎస్‌బీ తీగతో నాస్‌కు కలిసే చిన్న యూపీఎస్ ఆ పని చేస్తుంది. పెట్టె తనంతట తాను ఫైళ్లు మూసుకుని పద్ధతిగా ఆగిపోతుంది. ఈ ఊళ్లో ఏ ఎస్ఎస్‌డీ కన్నా ముందు కొనవలసింది అది.

ఎండ, దుమ్ము సంగతీ తేల్చేద్దాం. ఉర్లా, సిల్‌తరా స్పాంజ్ ఐరన్ కార్ఖానాల నల్లటి దుమ్ము డాబాల మీద ఎలా పేరుకుంటుందో ఇక్కడ ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. కానీ అది హార్డ్ డిస్క్ లోపలికి పోదు, ఆ డబ్బాకు వడపోత ఉంటుంది, కొన్నిటిని హీలియం నింపి పూర్తిగా మూసేస్తారు. దుమ్ము పట్టేది పెట్టె ఫ్యానుకు, గాలి రంధ్రాలకు. అవి మూసుకుపోతే ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్క్ రెండూ సమానంగానే ఉడుకుతాయి. ఇక వేడి విషయంలో ఎస్ఎస్‌డీకి ఉన్న బలహీనత ఎవరూ చెప్పనిది. కరెంటు లేకుండా పక్కన పెట్టిన ఎస్ఎస్‌డీలో కణాల్లోని ఆవేశం మెల్లగా కారిపోతుంది. రాత గడువు పూర్తిగా అయిపోయిన ఇంటి ఎస్ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు డేటా నిలపాలన్నది చిప్పులకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ నియమం. వేడి పెరిగే కొద్దీ ఆ గడువు తగ్గిపోతుంది. కొత్త డ్రైవ్ అంతకన్నా చాలా కాలం నిలుపుతుంది కనుక భయపడనక్కర్లేదు. కానీ బాగా వాడిన ఎస్ఎస్‌డీలో బ్యాకప్ తీసి, తాళం వేసిన రాయపూర్ ఇంట్లో బీరువాలో పెట్టి మరిచిపోవడం తెలివైన పని కాదు. మే నెలలో ఆ గది 30 డిగ్రీల దగ్గర ఉండదు.

ఎస్ఎస్‌డీ అమ్మేవాళ్లు చూపించే ఇంకో అంకె టీబీడబ్ల్యూ, అంటే డ్రైవ్ మొత్తం జీవితంలో ఎన్ని టెరాబైట్లు రాయొచ్చన్న హామీ. శామ్‌సంగ్ 870 ఈవీఓ ఒక టెరాబైట్‌కు 600, క్యూవీఓకు 360. అంకె పెద్దదైతే మంచిదని జనం ఎక్కువ డబ్బు పెడుతున్నారు. లెక్క వేయండి. ఫొటోలు, కాగితాలు దాచుకునే ఇల్లు రోజుకు 20 గిగాబైట్లు రాసినా ఏడాదికి ఏడు టెరాబైట్ల చిల్లర. 600 టెరాబైట్లు కరగడానికి ఎనభై ఏళ్లు పడుతుంది. ఆ ఇంటికి ఈ అంకెతో పనే లేదు. అదే పెట్టెలో నాలుగు సీసీ కెమెరాలు, ఒక్కొక్కటి 4 మెగాబిట్ల చొప్పున, రాత్రింబవళ్లు రికార్డు చేస్తే రోజుకు 172 గిగాబైట్లు, ఏడాదికి 63 టెరాబైట్లు. క్యూవీఓ గడువు ఆరేళ్ల లోపే అయిపోతుంది. కెమెరా రికార్డింగులకు అందుకోసమే చేసిన హార్డ్ డిస్క్ వేయాలి.

పేరు చూసి కొన్నా నిశ్చింత లేదు. 2021లో వెస్టర్న్ డిజిటల్ ఎస్ఎన్550లోనూ క్రూషల్ పీ2లోనూ మోడల్ పేరు మార్చకుండానే లోపలి చిప్పులు మారిపోయాయి, రాసే వేగం పడిపోయింది. హార్డ్ డిస్కుల వైపు కూడా పులు కడిగిన ముత్యాలేమీ లేవు. నాస్ కోసమని అమ్మిన డబ్ల్యూడీ రెడ్ 2 నుంచి 6 టెరాబైట్ల డిస్కుల్లో రాత వరుసలను ఒకదాని మీదొకటి పేర్చే, రెయిడ్‌కు పనికిరాని ఎస్ఎంఆర్ పద్ధతి వాడిన సంగతి 2020 ఏప్రిల్‌లో బయటపడింది. అందుకే హార్డ్ డిస్క్ కొన్నా, వరుసలు విడివిడిగా ఉండే సీఎంఆర్ పద్ధతిదేనా అని వివరాల పత్రంలో చూసి కొనాలి. డబ్బా మీది నాస్ ముద్రను నమ్మి కాదు.

ఎస్ఎస్‌డీ పనికిరాదని నేను అనడం లేదు. మొత్తం డేటా ఒకటి రెండు టెరాబైట్లు దాటని ఇంటికి, పడకగదిలో చప్పుడు లేకుండా ఉండవలసిన పెట్టెకు రెండు ఎస్ఎస్‌డీలు చక్కటి ఎంపిక. ఆపరేటింగ్ సిస్టమ్‌కూ, ఫొటోల సూచికకూ, చిన్న చిన్న ఫైళ్లు వందల కొద్దీ తిరగేసే డేటాబేస్‌కూ ఎస్ఎస్‌డీయే ఉండాలి, అక్కడ హార్డ్ డిస్క్ ఈడ్చుకుపోతుంది. రాయపూర్‌లో ఛత్తీస్‌గఢీ సినిమాలు, పెళ్లి వీడియోలు కోసుకునే ఎడిటర్లు 10 గిగాబిట్ నెట్‌వర్క్ వేసుకుంటే వాళ్లకు ఎస్ఎస్‌డీ పెట్టుబడి తిరిగొస్తుంది. ఆ అవసరాలకు కొనేటప్పుడు కణానికి మూడు బిట్లే రాసే టీఎల్‌సీ చిప్పు, చిట్టా ఉంచుకునే డీ-ర్యామ్ ఉన్నది, వీలైతే కరెంటు పోయినా కాపాడే కెపాసిటర్లున్నది ఎంచుకోవాలి. బిగించిన రోజే ఫర్మ్‌వేర్ చూసుకోవాలి.

మిగతా ఇళ్లన్నిటికీ ఒక టెరాబైట్‌కు ఎస్ఎస్‌డీ మీద పెట్టే డబ్బు హార్డ్ డిస్క్ మీద పెట్టేదానికి కొన్ని రెట్లు. ఆ తేడా డబ్బే మీ డేటాను నిజంగా కాపాడగలిగింది. దాంతో ముందు యూపీఎస్ కొనండి. తరువాత ఇంకో పెద్ద హార్డ్ డిస్క్ కొని, మొత్తం కాపీ చేసి, దానికి పాస్‌వర్డ్ పెట్టి విజయనగరంలోనో పార్వతీపురంలోనో అన్నయ్య గారింట్లో ఉంచండి. ఊరు వెళ్లిన ప్రతిసారీ కొత్త కాపీ పట్టుకెళ్లి పాతది వెనక్కి తెచ్చుకోండి. తెచ్చాక నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. దొంగ ఎత్తుకుపోయినా, పిడుగు పడినా, రాన్సమ్‌వేర్ తాళం వేసినా, నాలుగు ఎస్ఎస్‌డీల రెయిడ్ మీ డేటాను కాపాడలేదు. ఇంకో ఊళ్లో ఉన్న ఒక్క కాపీ కాపాడుతుంది. అవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే, అప్పుడు ఎస్ఎస్‌డీ కొనండి.