తెర దాటిన కథ – మన పిల్లలకు అందని అక్షరం

సినిమా కథ వెండితెరకు మాత్రమే పరిమితమైన కాలం గతించింది. 2015 జూలై 10న విడుదలైన ‘బాహుబలి’ తెలుగు, తమిళ భాషలలో ఏకకాలంలో నిర్మితమైన చిత్రం. రెండవ భాగం వెలువడిన 2017లోనే ఆ కథ నవలగా, యానిమేషన్ ధారావాహికగా, సెల్‌ఫోన్ ఆటగా కూడా రూపుదాల్చింది. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ మరొక అడుగు ముందుకు వేసింది. జూన్ 27న చిత్రం విడుదల కాకమునుపే, మే 31న ‘బుజ్జి అండ్ భైరవ’ పేరిట రెండు భాగాల ముందుకథ అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. టిక్కెట్టు కొనకమునుపే ప్రేక్షకుడు కథలోకి ప్రవేశించాడన్నమాట.

ఇది పూర్తిగా నూతనమని భావించనక్కరలేదు. సురభి వారి రంగస్థలంపై వెలిగిన ‘మాయాబజార్’ కథను 1957లో విజయా సంస్థ తెలుగు, తమిళాలలో తెరకెక్కించింది. ఆ సంస్థ అధిపతులైన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే అంతకు పదేళ్ల ముందు, 1947 జూలైలో ‘చందమామ’ను ఈ రెండు భాషలలోనూ ఆరంభించారు. ఆరంబాక్కంలో రైలెక్కితే చేరగల మద్రాసులోనే ఇదంతా జరిగింది. నాడు సినిమా చూచి వచ్చినవారి చేతిలో పాటల పుస్తకం ఉండేది. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వినిపించేది. ఆ పలుచని పుస్తకంతోనే అక్షరాలు కూడబలుక్కున్నవారు మన పెద్దలలో ఎందరో!

నేడు పరిస్థితి వేరు. శివగామి పూర్వకథను ఆనంద్ నీలకంఠన్ ఆంగ్లంలో రచించారు. తెలుగు చిత్రంలోని రాజ్యచరిత్రను మలయాళీ రచయిత ఆంగ్లంలో విస్తరించడం తప్పు కాదు. చిక్కు మన వైపున ఉంది. మన సరిహద్దు గ్రామాలలో అనేక కుటుంబాలకు ఇంటి భాష తెలుగు, బడి భాష తమిళం. 2006నాటి చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. తమిళం నేర్వవలసిందే, నేనూ ఆ భాషలో పాఠం చెప్పేవాడినే. కానీ తెలుగు చదువు ఆ మేరకు వెనుకబడింది. కథ తెరమీద, ఫోనులో ఉన్నంతవరకు మన పిల్లలు దానిని అందుకొనగలరు. అది పుస్తకమైన మరుక్షణం, తెలుగులోనే అచ్చయినా, చేజారిపోతుంది.

గత సంవత్సరం ఎనిమిదో తరగతిలో ‘బాహుబలి’ కథ చెప్పమంటే కట్టప్ప పొడిచిన ఘట్టం దాకా పోటీపడి చెప్పారు. వ్రాయమంటే తెలుగు మాటలను తమిళ లిపిలో వ్రాసినవారే అధికులు. ఆ లిపిలో ప, బ, భలకు ఒకే అక్షరం కదా! ఒక బాలిక తాను వ్రాసిన బాహుబలి పేరు చూపి, దీనిని తెలుగులో ఎలా వ్రాయాలని అడిగింది. నల్లబల్లపై వ్రాసి చూపాను. ఎక్కించుకొని, దాని క్రింద వాళ్ల అవ్వ పేరు కూడా వ్రాయించుకొని వెళ్లింది.