జబ్బున్న బిడ్డకు మన సంఘంలో చోటుందా?



"అట్లాంటి బిడ్డలను ఫారిన్ వాళ్లు వచ్చి తీసుకుపోతారు. మనకెందుకు ఆ తంటా?" మన పెద్దాయన ఒకరు ఈ మాట అన్నారు. సందర్భం మీలో చాలామందికి తెలుసు. మన సంఘంలో ఒక చిన్న వయసు జంట, ఇప్పటికే ఒక కూతురు ఉన్నవాళ్లు, గుండెలో రంధ్రంతో పుట్టిన ఆడబిడ్డను దత్తత తీసుకోవాలని అనుకుంటున్నారు. పేర్లు రాయను. వాళ్లను అడిగే ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

పెద్దాయన మాట ఉత్త మాట కాదు, అందులో నిజం ఉంది. 2024-25లో మన దేశంలో చట్టప్రకారం జరిగిన దత్తతలు 4,515. అందులో 4,155 మంది పిల్లలు దేశంలోనే ఇండ్లకు చేరారు. మిగిలిన 360 మంది విదేశాలకు పోయారు. అట్లా పోయేవాళ్లలో చాలామంది ఏదో ఒక జబ్బో, అంగవైకల్యమో ఉన్నవాళ్లు, లేదంటే వయసు పెరిగిన పిల్లలు. ఇంకోపక్క బిడ్డ కోసం పేరు రాసుకొని కాచుకున్న కుటుంబాలు మన దేశంలో 30 వేలకు పైగా ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న చంటిబిడ్డ కావాలంటే మూడేళ్లకు పైగా ఆగాలి. అంటే లైను పెద్దదే. కానీ ఆ లైనులో ఉన్నవాళ్లు కొంతమంది పిల్లల ముందు ఆగకుండా దాటిపోతారు. వాళ్ల ముందు ఆగేది స్పెయిన్ నుంచో, ఇటలీ నుంచో, అమెరికా నుంచో వచ్చిన కుటుంబం.

వాళ్లు ఎట్లా వస్తారో చాలామందికి తెలియదు. విమానం దిగి, బిడ్డను ఎత్తుకొని పోవడం కాదు. ముందు వాళ్ల దేశంలో గుర్తింపు ఉన్న సంస్థ వాళ్ల ఇంటికి వచ్చి అన్నీ విచారిస్తుంది. జీతం ఎంత, ఒంట్లో ఎట్లా ఉంది, ఎందుకు దత్తత, పోలీసు కేసులు ఏమైనా ఉన్నాయా, అన్నీ. అక్కడి ప్రభుత్వం సరేననాలి. తర్వాత ఢిల్లీలోని కారా, అంటే దత్తతలు చూసే కేంద్ర సంస్థ, దగ్గరికి ఫైలు వస్తుంది. బిడ్డ వైద్య పరీక్షల రిపోర్టు వాళ్లకు పోతుంది. వాళ్లు దాన్ని తమ డాక్టరుకు చూపించి, ఏ ఆపరేషన్ కావాలి, ఎన్నేళ్లు మందులు వాడాలి అని తెలుసుకొని, సరేనని రాసివ్వాలి. కారా నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. ముందు కోర్టు ఇచ్చే దత్తత ఆర్డరు 2022 నుంచి జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. ఆ తర్వాత బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, వీసా. బిడ్డ అక్కడికి పోయినాక కూడా రెండేళ్లు రిపోర్టులు రావాలి, మొదటి ఏడాది మూడు నెలలకు ఒకటి, రెండో ఏడాది ఆరు నెలలకు ఒకటి. రైల్వేలో ఇన్నేళ్లు కాగితాల మధ్య బతికిన నాకే ఈ వరుస చూస్తే కళ్లు తిరుగుతాయి.

సర్వీసులో ఉండగా ఒకసారి అట్లాంటి కుటుంబాన్ని చూశాను. మా జంక్షన్లో బండి రెండు గంటలు లేటు. యూరప్ దంపతులు, వాళ్ల దగ్గర నాలుగేళ్లు ఉండే మన పాప. కాళ్లకు పట్టీలు బిగించిన బూట్లు. పాప ఏడుస్తోంది. ఆ ఇల్లాలి చేతిలో చిన్న నోటుబుక్కు, అందులో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తమిళ మాటలు. పసి, తణ్ణి, వలి. అంటే ఆకలి, నీళ్లు, నొప్పి. ఒక్కొక్క మాట చదివి పాప ముఖం చూస్తోంది. చివరికి నేను పోయి తమిళంలో అడిగితే, బూటు పట్టీ ఒరుసుకుంటోందని చెప్పింది పాప. నేను చెప్పగానే అతను అక్కడే ప్లాట్‌ఫారం మీద కూర్చొని పట్టీ వదులు చేశాడు. పాప ఏడుపు ఆపింది. ఇంతే జరిగింది. వాళ్లను దేవుళ్లని అనడానికి ఇది చెప్పడం లేదు. మన ఊళ్లో పుట్టిన బిడ్డ, మన వీధిలో అందరికీ అర్థమయ్యే మాటలో ఏడుస్తోంది. ఆ మాట రాని మనుషులు నోటుబుక్కు పట్టుకొని నేర్చుకుంటున్నారు. ఈ సంగతి మనం ఆలోచించుకోవాలని చెప్తున్నాను.

ఇంకో మాట కూడా వస్తుంది. "వాళ్లు బిడ్డలను డబ్బిచ్చి కొనుక్కుపోతారు" అని. ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. హైదరాబాదు చుట్టుపక్కల తండాల నుంచి ఆడపిల్లలను కొని దత్తతకు ఇస్తున్నారని గొడవ లేచి, 2001లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తల్లిదండ్రులు బిడ్డను నేరుగా వదులుకొని దత్తతకు ఇవ్వడాన్నే ఆపేసింది. మన చెన్నైలో 2005లో, ఇంటి ముందు నుంచి ఎత్తుకుపోయిన పిల్లలను కూడా విదేశాలకు పంపినట్టు బయటపడింది. ఆ తల్లుల కడుపుకోత ఎవరూ తీర్చలేరు. అందుకే చట్టం బిగిసింది. 1984లోనే సుప్రీంకోర్టు లక్ష్మీకాంత్ పాండే కేసులో, ముందు మన దేశంలోని కుటుంబాలను వెతకాలి, దొరక్కపోతేనే విదేశం అని చెప్పింది. 2003లో మన దేశం హేగ్ ఒప్పందంలో చేరింది. ఇప్పుడు బిడ్డను వెబ్‌సైటులో చూపేది ముందు మనకే. మనం వద్దంటేనే ఆ బిడ్డ సముద్రం దాటేది. కాబట్టి "వాళ్లు తీసుకుపోతున్నారు" అనడం సగం మాట. "మనం వద్దన్నాం కాబట్టి" అని ముందు చేర్చితే మాట పూర్తవుతుంది.

మనం ఎందుకు వద్దంటున్నాం? నేను విన్న కారణాలు ఒక్కొక్కటే తీసుకుంటాను.

మొదటిది జబ్బు. జబ్బు అనే ఒక్క మాటలో అన్నీ కలిపేస్తున్నాం. గ్రహణమొర్రికి పసితనంలోనే ఆపరేషన్ చేస్తారు, తర్వాత పండ్లకూ మాటకూ కొన్నేళ్లు చికిత్స ఉంటుంది. వంకర పాదానికి వారం వారం కట్టు మార్చి సరిచేస్తారు, తర్వాత నాలుగైదేళ్ల వయసు దాకా రాత్రిపూట బూట్లు తొడగాలి. గుండెలో రంధ్రం చాలామంది పిల్లలకు ఒక్క ఆపరేషన్‌తో సరిపోతుంది. మన రైల్వే పెరంబూరు ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ చేయించుకున్న ఇండ్లు మన సంఘంలోనే ఎన్నో ఉన్నాయి. తలసేమియా వేరు, రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి. మెదడుకు సంబంధించిన కొన్ని జబ్బులు జీవితాంతం ఉంటాయి. అందరూ అన్నీ మోయలేరు. మోయలేనని చెప్పడం పాపం కాదు. కానీ రిపోర్టు కూడా చదవకుండా "జబ్బు బిడ్డ" అని ఫైలు మూసేయడం వేరు.

రెండోది చట్టం. "ఒక కూతురు ఉండగా ఇంకో కూతుర్ని దత్తత తీసుకోను చట్టం ఒప్పదు" అని ఒకరు గట్టిగా చెప్పారు. 1956 హిందూ దత్తత చట్టంలో అట్లానే ఉంది, నిజం. కానీ అనాథ పిల్లల దత్తత ఇప్పుడు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద జరుగుతుంది. అందులో ఆ అడ్డు లేదు. పైగా ఇద్దరు, అంతకంటే ఎక్కువ పిల్లలు ఉన్న దంపతులకు ప్రత్యేక అవసరాలు ఉన్న బిడ్డను, లేదా వేరే ఇల్లు దొరకడం కష్టమైన బిడ్డను తీసుకోవడానికి నియమాలు దారి ఇస్తున్నాయి.

మూడోది బయటికి గట్టిగా చెప్పనిది. "ఎవరి రక్తమో, ఏ కులమో." ఈ మాట మన నోట రాకూడదు. శ్రీవిల్లిపుత్తూరులో తులసి వనంలో దొరికిన బిడ్డను పెరియాళ్వారు సాకినాడు. ఆమే ఆండాళ్. ఏ కులమని ఆయన అడగలేదు. ఆమె కథనే మన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద అని తెలుగులో రాశాడు. మార్గళి నెలలో తెల్లవారుజామున లేచి ఆ దొరికిన బిడ్డ పాటలు పాడుతాం, పొద్దెక్కినాక దొరికిన బిడ్డ మన గడప తొక్కకూడదంటాం. తమిళంలో తత్తు, తెలుగులో దత్తత, మన అవ్వల మాటలో సాకుడు బిడ్డ. మూడు మాటలున్న ఇండ్లలో ఆ బిడ్డకు చోటు లేకపోతే ఎట్లా? 1992లో సేలంలో మొదలైన తొట్టిల్ పథకం మీకు గుర్తుండే ఉంటుంది. ఆడబిడ్డ వద్దనుకున్నవాళ్లు చంపకుండా ఆ ఉయ్యాలలో వేసిపోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఆ ఉయ్యాలలో బిడ్డను వేసిన ఇండ్లు అన్ని కులాల్లోనూ ఉన్నాయి.

నాలుగోది ఖర్చు, తోడు. ఇది నిజమైన కారణం. ఆ విదేశీ కుటుంబాలకు మనకంటే మనసు పెద్దదని నేను అనుకోను. చాలా చోట్ల వాళ్ల వెనక ప్రభుత్వ వైద్యమో, ఇన్సూరెన్సో, ప్రత్యేక శిక్షణ ఉన్న బడో ఉంటుంది. మన కుటుంబం వెనక ఉన్నది అమ్మ, అత్త, మామ, సంఘం. వాళ్లే వద్దంటే ఆ జంట ఒంటరైపోతుంది. నా పాత ఉద్యోగంలో చూసిన సంగతి ఒకటి చెప్తాను. రైల్వే పాసులో చట్టప్రకారం దత్తత తీసుకున్న బిడ్డ కూడా కుటుంబమే. కానీ కేంద్ర ఉద్యోగం చేసే తల్లికి దత్తత సెలవు 180 రోజులు దొరకాలంటే బిడ్డ వయసు ఏడాది లోపు ఉండాలి. జబ్బున్న బిడ్డ ఇల్లు చేరేసరికి చాలాసార్లు ఆ వయసు దాటిపోతుంది. ఆసుపత్రికి ఎక్కువ తిరగాల్సిన తల్లికే సెలవు తక్కువ. ప్రభుత్వం మార్చేదాకా ఆ లోటు పూడ్చేది చుట్టూ ఉన్న మనుషులే.

ఆ బిడ్డ విదేశం పోతే మంచి వైద్యం దొరుకుతుంది, మంచి చదువు దొరుకుతుంది. ఇల్లే లేకుండా హోంలో పెరగడం కంటే అది వెయ్యి రెట్లు మేలు. వాళ్లను అడ్డుకోమని నేను చెప్పడం లేదు. కానీ ఆ బిడ్డ భాష పోతుంది, తిండి పోతుంది, తన రంగు మనుషులు చుట్టూ ఉండడం పోతుంది. ఊరు మారినా భాష వదలకుండా ఇన్ని తరాలు తమిళనాడులో బతికినవాళ్లం మనం. భాష పోవడం అంటే ఏమిటో మనకు వేరేవాళ్లు చెప్పాలా? ఇక్కడే ఒక ఇల్లు సిద్ధంగా ఉన్నప్పుడు, ఆ ఇంటిని వెనక్కి లాగేది మనమే కాకూడదు.

అందుకని వచ్చే సర్వసభ్య సమావేశానికి నాలుగు ప్రతిపాదనలు రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను.

ఒకటి, మన విద్యా నిధి, వైద్య నిధి నియమాల్లో "సభ్యుల సంతానం" అన్నచోట "చట్టప్రకారం దత్తత తీసుకున్న బిడ్డతో సహా" అని చేర్చాలి. బిడ్డ కులం సర్టిఫికెట్ అడగకూడదు.

రెండు, మన దగ్గర ఉన్న రక్తదాతల జాబితాను ఇట్లాంటి పిల్లల కోసం కూడా వాడాలి. ఆసుపత్రికి తోడు పోయే రిటైరైన వాళ్ల జాబితా ఒకటి కొత్తగా రాయాలి. మొదటి పేరు నాది వేసుకోండి, నాకు పొద్దున ఎప్పుడైనా ఖాళీనే.

మూడు, జిల్లా బాలల సంరక్షణ విభాగం అధికారిని ఒక ఆదివారం పిలిచి, దత్తత నియమాలు మన భాషలో అడిగి తెలుసుకోవాలి. వాట్సాప్‌లో వచ్చినవి నమ్మి ఎవరూ సలహా ఇవ్వకూడదు.

నాలుగు, నిధితో పని లేనిది. పెండ్లిలోనో, నామకరణంలోనో ఆ బిడ్డ ఎదురైతే "ఎక్కడ దొరికింది?" అని అడగొద్దు. పేరు అడగండి, తిన్నావా అని అడగండి.

వద్దనేవాళ్లు సమావేశానికి వచ్చి కారణం చెప్పండి. నేను వింటాను, అందరం వింటాం. ఆ జంట వెనక మాత్రం మాట్లాడకండి. ఫోన్ చేసేవాళ్లు సాయంత్రం ఐదు తర్వాత చేయండి.