ముందు ఈత, ఆ తర్వాతే సముద్రం

బెండ్లు కట్టుకుని బావుల్లో ఈత నేర్చిన తరం మనది. ఇప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ యువకులు అండమాన్ వెళ్లి, వీపున గాలి సిలిండరుతో సముద్రంలో మునగాలని ముచ్చటపడుతున్నారు. ముచ్చట మంచిదే, తొందర మంచిది కాదు. పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు. ఊపిరి బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులకే ముప్పు.

ఈ స్కూబా విద్యలో 18 మీటర్ల లోతు వరకు అనుమతించే తొలి సర్టిఫికెట్‌కు పాఠాలు, కొలనులో సాధన, సముద్రంలో నాలుగు మునకలు ఉంటాయి. మొదటి రెండూ ఇంటి దగ్గరే ముగించి, మునకలు మాత్రం అక్కడ వేసే వీలుంది. యాత్రలో రోజులు కలిసొస్తాయి.

అంతకన్నా ముఖ్యమైనది తొలి షరతు: ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీటిపై తేలాలి. మానేరు, గోదావరి, కడెం ఒడ్డున పెరిగే పిల్లల్లో ఇందులో నెగ్గేవారెందరు? సెలవుల్లో స్నానానికి దిగి మునిగిన బిడ్డల వార్తలు ఈ పేజీ ఇంకెన్నిసార్లు మోయాలి?

జిల్లా క్రీడాధికారులు ఈత కొలనులను ఏడాది పొడవునా నడపాలి. అర్హుడైన స్కూబా శిక్షకుణ్ణి ఏటా కొన్ని వారాలైనా రప్పించాలి. ఆ పాఠాలు మన గజ ఈతగాళ్లకూ, అగ్నిమాపక సిబ్బందికీ అక్కరకొస్తాయి. సముద్రం కొందరి సరదా. ఈత అందరికీ ప్రాణరక్ష.