వెలుగు ఆకునకిచ్చు ఆజ్ఞ

ఆకు సూర్యరశ్మితో ఆహారమును తయారుచేయునని చెప్పి పాఠమును ముగించుట చాలదని మా అభిప్రాయము. వెలుగు రంగును, తీవ్రతను బట్టి ఆకు తన పనిని మార్చుకొనును. 1959లో అమెరికా శాస్త్రజ్ఞులు గుర్తించిన ఫైటోక్రోమ్ అను వర్ణకము, ఎర్రని వెలుగు సోకినపుడు కణకేంద్రకమును జేరి, కిరణజన్య సంయోగక్రియకు వలయు జన్యువులను మేల్కొల్పును. నీలి వెలుగును క్రిప్టోక్రోమ్ గుర్తించి ఆ పనికే తోడ్పడును. కాంతిని పట్టు మాంసకృత్తుల తయారీ నీడలో హెచ్చును. తీవ్రమైన ఎండలో, ఆకునకు హాని కలుగకుండునట్లు, తగ్గును.

ఈ పాఠమునకు నాంది పలుకుటకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. పెసలను చీకటిలో మొలిపించినచో మొలక పాలిపోయి సాగును. వెలుగునకు తెచ్చినచో అదియే పచ్చబడును. తల్లిదండ్రులు ఇంట ఒక గిన్నెకు చోటిచ్చిన చాలును. పిల్లలు కన్నులార చూచి, సొంత మాటలలో వ్రాసికొనినదే నిలుచు విద్య యని మేము నమ్ముచున్నాము.