కన్నవాళ్లకు ట్రైబ్యునల్, కన్నబిడ్డకు వాయిదా

గంగవరం మండలంలో ఒక ముసలాయనకు కొడుకు కూడు పెట్టలేదనుకోండి. పలమనేరు ఆర్డీవో ఆఫీసులో ఒక అర్జీ ఇస్తే చాలు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కింద ఆర్డీవోనే ట్రైబ్యునల్. లాయరు అక్కర్లేదు. కొడుక్కి నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. ముసలాయన తరఫున మాట్లాడడానికి మెయింటెనెన్స్ ఆఫీసరు ఉండాలని కూడా ఆ చట్టమే చెప్పింది. మంచి చట్టం.

అదే ఊళ్లో నాలుగేళ్ల బిడ్డను తండ్రి వదిలేసి పోయాడనుకోండి. ఆ బిడ్డకు ట్రైబ్యునల్ లేదు, ఆఫీసరూ లేడు. బిడ్డ తరఫున తిరగాల్సింది తల్లి ఒక్కతే. ముసలివాళ్లకు ఓటుంది, బిడ్డకు లేదు. ఈ తేడాకు ఇంతకంటే గౌరవమైన కారణం ఎవరైనా చూపిస్తే వినడానికి నేను సిద్ధం.

హక్కు లేదా అంటే, ఉంది. నిన్నమొన్నటి దాకా సీఆర్‌పీసీలో 125 సెక్షన్, 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144. పెళ్లిలో పుట్టినా, పెళ్లి లేకుండా పుట్టినా మైనరు బిడ్డకు తండ్రి మనోవర్తి ఇవ్వాల్సిందే. మధ్యంతర భృతి దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంత వరకు, తేల్చాలని కూడా రాశారు. ఆ వీలు ఎవరికి కుదరాలో మాత్రం రాయలేదు. వాయిదాకు పోయిన రోజు ఆయమ్మకు టమోటా తోటలో కూలి పోతుంది. ఆస్తిపాస్తులు, ఆదాయం ఇద్దరూ అఫిడవిట్‌లో చూపాలని 2020లో సుప్రీంకోర్టు రజనీశ్ వర్సెస్ నేహా కేసులో ఆదేశించింది. బెంగుళూరులో బేల్దారి పని చేసేవాడి కూలి ఏ కాగితం మీద ఉంటుంది? దాన్ని తవ్వి తీయాల్సిన పనీ తల్లిదే.

తీర్పు వచ్చాక అసలు కథ మొదలవుతుంది. డబ్బు ఆగితే మళ్లీ పిటిషను. అదీ బాకీపడిన ఏడాదిలోపే వేయాలి, ఆలస్యమైతే వారెంటు దారి మూసుకుపోతుంది. కట్టనివాణ్ని ఒక్కో నెల బాకీకి నెల దాకా జైల్లో పెట్టవచ్చు. జైలుకు పోయినంత మాత్రాన బాకీ తీరిపోదని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ముందు మనిషి దొరకాలి కదా. బండి కంతు కట్టకపోతే ఫైనాన్సు వాళ్లు సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోయినా వెతికి పట్టుకుంటారు. బిడ్డ బాకీకి వచ్చేసరికి, వాడెక్కడున్నాడో నువ్వే కనుక్కుని చెప్పమ్మా అంటారు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేననను. 2025 నుంచి తల్లికి వందనం పథకం కింద చదువుకునే బిడ్డకు 13,000 రూపాయలు తల్లి ఖాతాలో పడుతున్నాయి. మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్‌లో నెలకు 4,000 ఉంది. పల్లెలో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకపోతే, భర్త వదిలేసిన తల్లి బిడ్డలూ దానికి అర్హులే. ఇవన్నీ జనం కట్టిన పన్నులు. కన్నవాడి జేబులోంచి ఒక్క రూపాయి కదలలేదు. తల్లికి వందనం సరే, తండ్రికి నోటీసు ఎవరిస్తారు?

అమెరికాలో 1975లో చేసిన చట్టంతో ప్రతి రాష్ట్రంలోనూ ఇందుకోసం ఒక యంత్రాంగం ఏర్పడింది. చాలాచోట్ల కౌంటీ ఆఫీసుల్లోనే ఆ పనికి ఉద్యోగులుంటారు. తండ్రిని వెతకడం, కోర్టు ఉత్తర్వు తేవడం, యజమానికి కాగితం పంపి జీతంలోంచే కోయించడం వాళ్ల కొలువు. బాకీ 2,500 డాలర్లు దాటితే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వరు. డల్లాస్‌లో ఉద్యోగం చేసే మన తెలుగువాడైనా అక్కడ కిక్కురుమనకుండా కడతాడు. అక్కడికి పోగానే మంచితనం పుట్టుకొచ్చి కాదు, అడిగేవాడు ఉన్నాడు గనక.

లేనివాడి దగ్గర ఏం పిండుతారని అడగవచ్చు. సరైన ప్రశ్నే. కడుపేదను జైల్లో కుక్కితే బిడ్డకు పాలు రావు. జర్మనీలో ముందు ప్రభుత్వమే బిడ్డకు చెల్లించి, ఆ తర్వాత స్తోమత ఉన్న తండ్రి దగ్గర రాబట్టుకుంటుంది. ఇంకో వాదన రచ్చబండ మీద వినిపిస్తుంది: సంసారం గుట్టు కోర్టుకెక్కించకు, సర్దుకుపో అని. సర్దుకోవాల్సింది ఎవరు? పస్తున్న బిడ్డా?

2019 అక్టోబరు 2 నుంచి మనకు గ్రామ సచివాలయాలున్నాయి, వాటిలో మహిళా పోలీసులున్నారు. ఏ ఇంట్లో ఏ తల్లి ఒంటరిగా ఉందో వాళ్లకు తెలుసు. సర్వేలతో సతమతమవుతున్న వాళ్ల నెత్తిన ఇదీ వేయమనడం లేదు. మండలానికి ఒక పిల్లల మనోవర్తి అధికారిని వేయండి. అర్జీ సచివాలయంలో తీసుకోవాలి. కోర్టులో పిటిషను వేసేది, తండ్రిని వెతికేది, వారెంటు వెంట తిరిగేది ఆ అధికారే కావాలి. యజమాని దగ్గర నుంచే డబ్బు ఇప్పించే అధికారం 2005 గృహహింస చట్టం మెజిస్ట్రేటుకు ఎప్పుడో ఇచ్చింది. బిడ్డల మనోవర్తి కేసులన్నింటికీ దాన్ని వర్తింపజేయండి. తండ్రి కట్టేదాకా ప్రభుత్వమే కట్టి, తర్వాత రెవెన్యూ బకాయిలా వసూలు చేసుకోవాలి.

ఓట్లకు వచ్చేవాళ్లను ఈ మూడూ అడగండి. కోర్టు మెట్లెక్కి దిగే తల్లి ఓపికను వేదికల మీద పొగిడింది చాలు. ఆ ఓపిక ఆమె గొప్పతనం కాదు, ప్రభుత్వం ఎగ్గొట్టిన పని.